ఓబో చెప్పిందే శ్రుతి

ఆ రోజుల్లో, చేత్తో చేసుకున్నది ఎప్పుడూ తప్పు పలకదని నాకో నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసులో ఇలాంటివి ఊరికే వస్తాయి; వదలాలంటే మాత్రం బంధువులందరి ముందూ ఓసారి పరువు పోవాలి. చెన్నైలో చదువుతూ ఓబో నేర్చుకుని (మన సన్నాయికి కోటు తొడిగినట్టుంటుంది), విజయవాడలో ఒక స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేరాను. ఓబో ప్రాణమంతా నోట్లో పెట్టుకునే రీడులో ఉంటుంది. రెల్లు ముక్కని రెండు రేకులుగా దారంతో కట్టి, కత్తితో గీకి చెయ్యాలి. తెలివైనవాళ్లు కొనుక్కుంటారు. నేను వీడియోలు చూసి చేసేవాణ్ని.

కంకిపాడు పెదనాన్న కూతురి పెళ్లి గన్నవరం చర్చిలో కుదిరింది. అక్క నడిచొచ్చేటప్పుడు నేను ఓబో వాయించాలని పెదనాన్న ఆర్డరు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు, క్వయరుకి పెద్ద. సంగీతంలో ఆయనకి తెలియనిది లేదు, రానిది పాడటం ఒక్కటే.

పెళ్లి రోజు పొద్దున రీడు కాస్త కిందికి పలికింది. కొస కత్తిరిస్తే శ్రుతి పెరుగుతుందని కత్తిరించాను. మరీ పెరిగింది. గీకితే తగ్గుతుందని గీకాను. మరీ తగ్గింది. మళ్లీ కత్తిరించాను. అందరి టిఫిన్లూ అయ్యేసరికి నా ఒళ్లంతా పొట్టు, రీడేమో ఇంకోసారి గీకితే చిల్లు పడేలా ఉంది, శ్రుతి పైనే ఆగిపోయింది.

చర్చిలో కీబోర్డు మా మేనత్త కొడుకుది. బావ నా స్వరం ఒక్కటి విని, నీది బాగా పైనుందిరా అన్నాడు. నేను ఒప్పుకునేలోపే పెదనాన్న అందుకున్నారు.

"పెద్ద ఆర్కెస్ట్రాల్లో అందరూ ఓబోకే శ్రుతి చేసుకుంటారు. నీ కీబోర్డే దిగింది."

"కరెంటుది ఎలా దిగుతుంది మావయ్యా?"

"ఎండకి."

బావ బటన్ నొక్కి కీబోర్డుని నా తప్పుదాకా ఎక్కించాడు. పక్కనున్న గిటారుని కూడా ఎక్కించబోతే తీగ తెగింది. పెద్దవాళ్లని కాదనడం మర్యాద కాదని నేను నోరు మూసుకున్నాను (అసలు సంగతి, కరెక్టనిపించుకోవడం హాయిగా ఉంది).

అక్క నడిచి రావడం బాగానే జరిగింది. తర్వాత పాట. పెదనాన్న ఏరికోరి పెట్టిన ఎత్తయిన పాట, దానికి తోడు నా పై శ్రుతి. చివరి చరణంలో క్వయరు ఆడవాళ్లు ఒక్కొక్కరే జారుకోగా, పెద్దమ్మ ఒక్కతే ధైర్యంగా పై స్వరానికి ఎక్కి, అక్కడ కుక్కరులా విజిలు వేసింది. అక్క నవ్వాపుకోలేక ముసుగులోనే వంగిపోయింది. ఏడుస్తోందనుకుని పెళ్లికొడుకు చేతిరుమాలిచ్చాడు. అది చూసి అతని తల్లి నిజంగానే ఏడ్చింది.

భోజనాల దగ్గర పెదనాన్న తీర్పు చెప్పేశారు: క్వయరుకి ప్రాక్టీసు చాలలేదు, నిలబడింది ఓబో ఒక్కటే. పెద్దమ్మ పక్కనే వడ్డిస్తోంది. "మీరన్నాక శ్రుతి తప్పుతుందాండీ, మా గొంతులే తప్పు" అంటూ, వెతికి వెతికి ముక్క లేని బిర్యానీ ఆయన ప్లేట్లో వేసింది.

ఇప్పుడు రీడులు కొనుక్కుంటాను. శ్రుతి కచ్చితంగా ఉంటుంది, వాయిస్తున్నంతసేపూ పక్కవాళ్ల మొహాలు చూస్తూనే ఉంటాను. మొన్న అక్క తన పెళ్లి వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందులో బిగుతు కోటు వేసుకున్న ఒక కుర్రాడు కళ్లు మూసుకుని, చర్చంతటినీ తనతోపాటు తప్పులోకి లాక్కెళుతూ, ఎంత సుఖంగా వాయిస్తున్నాడో. వాణ్ని చూస్తే నవ్వొచ్చింది. కొంచెం కుళ్లు కూడా.