కిరసనాయిలు డబ్బా మూత

డోర్తియా ప్రతి శనివారం కొట్టుకు వచ్చేది. కొనేది మాత్రం ఒక్కటే వస్తువు. ఒక వారం దారపుండ, మరో వారం కాస్త ఉప్పు, ఇంకో వారం దీపం వత్తి. తను చిలికిన వెన్నముద్ద బల్ల మీద పెట్టి, బదులుగా అదొక్కటీ తీసుకుని, పొయ్యి దగ్గర కాసేపు చేతులు కాచుకుని వెళ్లేది. అమెరికాలోని డకోటా మైదానంలో, మట్టిగడ్డలు పేర్చి కట్టిన ఆమె ఇంటి చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేదు. మొగుడు పోయాక ఆవుతోనే మాటలు. ఆవు తిరిగి మాట్లాడదు కదా!

పొయ్యి పక్కనే పీపా మీద కూర్చునే హాల్వర్ ఆమెను చూడగానే మొదలెట్టేవాడు.

"వచ్చిందండీ! ఏం వదినా, ఈసారి సూది కొంటావా, సూది బెజ్జం ఒక్కటే కొంటావా?"

కొట్లో ఉన్న అందరితో పాటు డోర్తియా కూడా నవ్వేది. ఆ నవ్వు కోసమే అంత దూరం నడిచొచ్చేది.

కొట్టు యజమాని ఎజ్రా మంచివాడు. ఆ మంచితనమే ఆమె కొంప ముంచింది. మంచు రోజులు దగ్గరపడ్డాక ఓ శనివారం ఆమె వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది. పిండి, బెల్లప్పాకం, ఉప్పు, కాఫీ గింజలు, దారాలు, వత్తులు, అన్నీ అందులోనే.

"చలికాలమంతటికీ సర్దేశాను తల్లీ. నీ ఆవు ఎటూ ఒట్టిపోయింది, వెన్న ఎండలొచ్చాక ఇద్దువుగాని. ఇక కాళ్లీడ్చుకుంటూ రానక్కర్లేదు."

"ఇవన్నీ నాకెందుకన్నా..."

"మొహమాటపడకు."

చివరగా కిరసనాయిలు డబ్బా ఎత్తిపెట్టి, తొణక్కుండా దాని కొమ్ముకు మూతలా ఓ ఆలుగడ్డ గుచ్చాడు. హాల్వర్ బండి తోలాడు. 'రానక్కర్లేదు' అన్న మాట దారంతా ఆమె చెవుల్లో తిరుగుతూనే ఉంది.

ఆ వారమంతా ఇంట్లో ఏం తక్కువైందా అని వెతికింది. ఏదీ తక్కువ కాలేదు.

శనివారం మంచులో పడి నడిచి కొట్టు తలుపు తోసింది.

"అన్నీ అప్పుడే మింగేశావా వదినా?" అన్నాడు హాల్వర్.

ఆమె శాలువాలోంచి వడలిపోయి, కిరసనాయిలు కంపు కొడుతున్న ఆలుగడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"నీ గడ్డ, అన్నా. నా దగ్గరే ఉండిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఎజ్రా పక్కనున్న ఆలుగడ్డల బస్తా వైపు చూశాడు, తర్వాత ఆమె కనురెప్పల మీది మంచు వైపు.

"దీనికోసమే వెతుకుతున్నా తల్లీ! కానీ వదులైపోయిందే. వచ్చే శనివారం మీ ఇంటి నుంచి గట్టిది ఒకటి తెచ్చిపెడతావా?"

హాల్వర్ లేచి, తన పీపాను ఆమె వైపు జరిపాడు.

ఇల్లు చేరాక, ఆవుకు గడ్డి వేస్తూ డోర్తియా చెప్పింది: "వచ్చే శనివారం నాకు కొట్లో పనుందే."