గలతీయ సరిహద్దులు, సువార్తమ్మ అర్జీ

ఉదయం ఏడున్నరకు గిద్దలూరులో ప్యాసింజర్ ఎక్కాను. మార్కాపురంలో ఒక కాలేజీవాళ్ళు రోమన్ పాలన గురించి మాట్లాడమని పిలిచారు. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. గలతీయ రాష్ట్రం గురించి రాసుకున్నాను. ఇప్పటి తుర్కియే నడిబొడ్డు అది.

కంభంలో ఒక ముసలమ్మ ఎక్కి ఎదురుగా కూర్చుంది. పేరు సువార్తమ్మ, అర్ధవీడు దగ్గర పల్లె. నా కాగితం మీది పెద్దక్షరాలు కూడబలుక్కుని, "ఇది మన బైబిల్లో గలతీయేనా నాయనా?" అంది.

అదేనన్నాను. అక్కడి రాజు యుద్ధంలో చనిపోగానే అగస్టస్ చక్రవర్తి ఆ రాజ్యాన్ని రోమన్ రాష్ట్రంగా చేసుకున్నాడనీ, తర్వాతి చక్రవర్తులు దాన్ని పక్క రాష్ట్రమైన కప్పదొకియతో కలిపి, మళ్ళీ విడదీసి, చివరికి రెండు ముక్కలు చేశారనీ చెప్పాను.

"మా మాదిరే. నేను పుట్టినప్పుడు కర్నూలు జిల్లా. పెండ్లయినాక ఒంగోలు అన్నారు. ఇప్పుడు మార్కాపురం అంటుండారు. మా నాయన ఇచ్చిన ఎకరా మాత్రం ఆడనే ఉంది."

ఆ ఎకరా కొత్త రికార్డులో ఎవరి పేరునో పడిందట. సరిచేయమని అర్జీ పట్టుకుని తిరగడం ఇది మూడోసారి. మార్కాపురం రోడ్ స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం.

నా ఉపన్యాసం పన్నెండుకు ముగిసింది. భోంచేసి బయటికొస్తే, రోడ్డవతల రెవెన్యూ ఆఫీసు మెట్ల మీద సువార్తమ్మ. ఈసారీ అర్జీ తీసుకోలేదట. నాకు ఒళ్ళు మండింది. ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాను.

"పాత రికార్డు కర్నూల్లోనో ఒంగోల్లోనో ఉంటాది సార్. తెచ్చుకోమనండి," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"జిల్లాలు మార్చింది ఈమేనా? మీరు గీతలు మార్చుకుంటే ఈమె ఊళ్ళు తిరగాలా? అర్జీ ఎందుకు తీసుకోరో రాసి సంతకం పెట్టండి!"

నా గొంతుకు వరండాలో జనం పోగయ్యారు. గుమాస్తా వాళ్ళవైపు చూసి, ముద్ర కొట్టి, రసీదు చింపిచ్చాడు. రికార్డు తామే తెప్పిస్తామన్నాడు. ఆ మాట కూడా రాయించుకున్నాను.

నాలుగింటి బండికి ఇద్దరం తిరుగు ప్రయాణమయ్యాం. తర్లుపాడు దాటాక సువార్తమ్మ అడిగింది: "మరి ఆ గలతీయోళ్ళు కాగితాల కోసం యాడికి పోయినారు నాయనా?"

ఏ చక్రవర్తి దేన్ని దేంతో కలిపాడో వరసగా చెప్పగలను. ఆ కలపడంలో ఏ ముసలమ్మ ఎన్ని గడపలు ఎక్కిందో నేను చదివిన పుస్తకాల్లో లేదు. లేదేమని ముప్పై ఏళ్ళలో నేనూ అడగలేదు. గుమాస్తా మీద కోపం సగం నా మీదికే మళ్ళింది.

"తెలియదమ్మా," అన్నాను.

"సదువుకున్నోడివి, కనుక్కోవాల గదా," అని కంభంలో దిగిపోయింది.