నీళ్ళ మీది పొర

“...తేలొచ్చిన పీలికేమో అన్నానంతే, మీ పనికి వంక పెట్టలేదు కదా అక్కా.”

“వంకంటే అదే మరి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా నీళ్ళ మీద పరాయి ముక్క తేలిందా? నువ్వే చెప్పు కలోయాన్,” అంది నెవెనా.

డాక్టరు కలోయాన్ దోచెవ్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా గడ్డం గోక్కున్నాడు.

రూసే పట్నం ఆసుపత్రిలో, డాన్యూబు నది వైపు కిటికీ ఉన్న ఆ గదిలో నెవెనా పని ఒకటే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో బిగించి, వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేనంత పలచగా కోస్తుంది. ఆ పొర ముడతలు గోరువెచ్చని నీళ్ళ మీద విప్పుకున్నాక గాజు పలక మీదికి ఎత్తి రంగు వేస్తుంది. ఒకరి పొర తీయగానే నీళ్ళ పైభాగాన్ని కాగితంతో తుడవాలి. తుడవకపోతే మిగిలిన పీలిక తర్వాతివాళ్ళ పలక మీదికి చేరి, లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. వాళ్ళమ్మ బానిత్సా అనే పొరల రొట్టె చేసే రోజున పిండిని, కింద పెట్టిన పేపరు చదువుకునేంత పలచగా సాగదీసేది. ఆ చేతులే తనకొచ్చాయంటుంది నెవెనా.

ఇవాళ్టి పలక ఆమెదే. రొమ్ములో గడ్డకి సూది గుచ్చి తీసిన ముక్క. వేరేవాళ్ళు కోస్తే చిరుగుతుందని పట్టుబట్టి తనే కోసుకుంది. ముక్కంతా మామూలుగానే ఉంది. అంచున మాత్రం, విడిగా, ఆవగింజలో సగం కూడా లేని నీలి చుక్క.

“మీ ముక్కకి ముందు కోసింది ఇంకొకరి క్యాన్సరు ముక్కే,” అన్నాడు కలోయాన్. “ఒక్కసారి తుడవడం మరిచారనుకోండి, మీరు బతికిపోయినట్టే. ఒప్పుకోడానికి అంత నామోషీ ఏంటి?”

“మరిచిపోతే ఒప్పుకునేదాన్నే. తుడిచాను.”

“తుడిచానంటే అర్థమేంటో తెలుసుగా?”

“నువ్వు పని నేర్చుకునే రోజుల్లో నీకు పలకలు అందించింది నేను బాబూ, నాకు పాఠం చెప్పకు. ఇంకా లోతుకి కోస్తా. నాదైతే లోపల కూడా ఉంటుంది.”

మైనం దిమ్మని మళ్ళీ బిగించింది. నీళ్ళు పారబోసి, అతని ఎదుటే కొత్తవి పోసింది. రంగు పట్టాక తనే ముందు చూసింది.

చుక్క పెద్దదైంది. ముక్కకి అతుక్కునే ఉంది.

ఆమె చాలాసేపు కళ్ళు తీయలేదు. ఎవరెవరివో లక్ష పలకలకి రంగు వేసింది గానీ, తన లోపలిని ఎన్నడూ చూసుకోలేదు. గులాబి రంగులో పాల నాళాలు, వాటి చుట్టూ అచ్చుగుద్దినట్టు కణాల వరసలు. ఇద్దరు పిల్లలకి పాలు నడిచిన దారులు. ఒకచోట వరస చెదిరింది. కణాలు ఉబ్బి, నల్లబడి, ఒకదాని మీదొకటి ఎక్కి, గట్టు తెంచుకుని బయటికొచ్చాయి. ఎప్పుడో ఒక కణం తన నకలు తాను రాసుకుంటూ తప్పు రాసింది. ‘ఇక చాలు, ఆగు’ అన్న మాట ఆ నకల్లోంచి చెరిగిపోయింది. యాభై ఎనిమిదేళ్ళుగా కోటానుకోట్ల కణాలు ఆ నకలు రాస్తూనే ఉన్నాయి, ఆమెకి తెలియకుండా, ఆమె సాయం లేకుండా. పలక మధ్యలో ఒకటి సగం చీలి, అలాగే ఆగిపోయి ఉంది. ఎంత పని, అనుకుంది.

“ఎందుకొచ్చిందంటావ్?”

“వయసు. కొందరికి వంశం. చాలామందికి ఇదీ అని చెప్పలేం,” అన్నాడు, తనూ చూసి. “చిన్నగా ఉండగానే దొరికింది. కోసి తీసేసి, కిరణాలు పెట్టి, కొన్నేళ్ళు మాత్రలిస్తారు. ఈ దశలో ఎక్కువమంది బాగవుతారు.” గొంతు తగ్గించాడు. “రోగికన్నా ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పడం మనకి అలవాటు. మీ ఆయన్ని పిలవనా?”

నెవెనా కుర్చీ వెనక్కి జరిపింది.

“సిమెయోన్‌కి నేనే చెప్తాను. సోమవారం ఆపరేషన్‌కి నా పేరు రాయించు.”