కలప వర్తకుణ్ణి నిలబెట్టిన రోజు

పట్టణానికి పెద్దనైన మొదటి నెలలోనే పరువు గోదావరిపాలు చేసుకున్న ఘనత నాది. ఎలాగో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

జుట్టు నెరిసేదాకా రాజమండ్రిలో బడిపంతులుగా పిల్లల చెవులు మెలిపెట్టాను. ఆ పిల్లల్లో కొందరు ప్లీడర్లై, నా మీద జాలిపడి కాబోలు, నన్ను మునిసిపల్ ఛైర్మన్ని చేశారు. తలపాగా మారింది గాని బుర్ర మారలేదు. మొదటి సభలో మెంబర్లకు హాజరు పిలవబోయి నాలుక కరుచుకున్నాను.

రేవు కింద పేటలో మంచినీళ్ల నుయ్యి తవ్వించాలని నా కోరిక. అక్కడివాళ్లు వరద రోజుల్లో ఎర్రనీళ్లే తాగేవారు. ఏటా వరద తీసేసరికి నా క్లాసులో కొన్ని చోట్లు ఖాళీ అయ్యేవి. నవ్వులాటలో ఈ మాట ఎందుకంటారా, ఆ నుయ్యి కోసమే నేను ఆ కుర్చీ ఎక్కాను.

మా సభలో ప్రతిపాదనకు ఒప్పుకున్నవాళ్లు లేచి నిలబడాలి, గుమాస్తా తలలు లెక్కపెట్టాలి. నూతికి అడ్డం కలప వర్తకుడు వీర్రాజు గారు. వయసులో నాకంటే పెద్ద.

"ఇంత గోదారిని పక్కనెట్టుకుని నుయ్యెందుకండీ?" అని ఆయన వాదన.

లేచేవాళ్లు లేచారు. "ఒక్కరు తక్కువండి" అన్నాడు గుమాస్తా. సరిగ్గా అప్పుడే వీర్రాజు గారు పొడుం పీలుస్తూ పక్కాయనతో భద్రాచలం నుంచి రావలసిన కలప తెప్పల కబుర్లు మొదలెట్టారు. నాలోని పంతులు నిద్రలేచాడు. బల్ల మీద ఒక్క చరుపు చరిచాను.

"ఏమిట్రా ఆ కబుర్లు? లే. నిలబడు."

సభంతా నా వైపు తిరిగింది. 'రా' అన్నది ఎవరినో తెలిసేసరికి ఆలస్యమైపోయింది. వీర్రాజు గారు మెల్లగా లేచి, చేతులు కూడా కట్టుకున్నారు.

గుమాస్తా ఊరుకున్నాడా? "సరిపోయిందండి" అన్నాడు.

"సరిపోలేదయ్యా. వారు లేచింది ఓటుకి కాదు, నా నోటి దురుసుకి. వీర్రాజు గారూ, క్షమించండి. కూర్చోండి" అన్నాను. నుయ్యి పోయినట్టే అనుకున్నాను.

"మా నాన్న నన్ను బళ్లో వెయ్యలేదండి" అన్నారాయన. "తెప్పల మీదే పెరిగాను. చిన్నప్పుడు మాస్టారు నిలబెట్టిన పిల్లల్ని చూసి కూడా కుళ్లుకునేవోణ్ణి. ఇన్నాళ్లకి నాకూ కుదిరింది. ఇప్పుడు కూర్చోమంటే ఎలాగండీ?"

పక్కాయన పంచె పట్టుకు లాగినా కూర్చోలేదు.

"ఆ పేటలో ఉండేది మా తెప్పలు దించే కూలీలేనండి. తవ్వించండి మాస్టారూ. నేను నిలబడే ఉంటాను."

నుయ్యి పడింది. తియ్యటి నీళ్లు. తొలి చేద ఆయన చేతే తోడించాను. ఆ నీళ్లు తాగినప్పుడల్లా ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆయన మాత్రం నన్ను వదల్లేదు. ప్రతి సభకూ గుమ్మంలో ఆగి, అందరూ వినేలా "కూర్చోమంటారా మాస్టారూ?" అని అడిగేవారు.

అందుకని గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దమనుషులెవరినీ సభలో ఇక నిలబెట్టను. ఓటు ఒకటి తగ్గితే మాత్రం చెప్పలేను.