కొళాయి తగువు తీర్చిన సర్పంచమ్మ

కవిటి దగ్గర ఒక పల్లెలో నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన రోజుల్లో, ఎవరు తగువుతో వచ్చినా అక్కడి సర్పంచమ్మ ముందు "కూకోండి, కూకుని సెప్పండి" అనేది. కూర్చుంటే సగం కోపం దిగిపోతుందని ఆమె నమ్మకం.

ఒక ఉదయం మంచినీటి కొళాయి కోసం రెండు వీధులవాళ్లు కర్రలతో ఆఫీసుకొచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుతుండగా ఆమెకు ఫోనొచ్చింది. "సరే" అని పెట్టేసి, "ఊఁ, సెప్పు మావా" అంటూ మళ్లీ తగువులోకి వచ్చింది. పొద్దున ఒక వీధివాళ్లు, సాయంత్రం ఇంకో వీధివాళ్లు నీళ్లు పట్టుకునేలా ఇరువైపులా ఒప్పుకున్నాకే లేచింది.

"బాబూ, నానెల్తాను. మా ఆయన పోనాడట. ఇందాక పలాస ఆసుపత్రి నుంచే ఫోను."

కిడ్నీలు పాడై ఆయన డయాలసిస్‌లో ఉన్నాడని ఊరంతటికీ తెలుసు. నేను లేచి అడిగాను.

"అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"సెప్తే అందరూ లెగిసిపోదురు. రేపు మల్లీ కర్రలట్టుకొత్తారు. ఎవులి బుర్రో పగిలితే ఆలింటికీ ఇలాటి ఫోనే ఎల్తాది."

కొట్టుకోవడానికి వచ్చినవాళ్లే పరుగెత్తి ఆటో తెచ్చారు. రెండు వీధుల ఆడవాళ్లూ ఆమెతో ఎక్కారు. ఆటో కదిలాక గానీ ఆమె ఏడుపు వినిపించలేదు.