దొర మెచ్చిన పట్టు

మొన్న పొద్దున మనవడు టీవీలో కబడ్డీ పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పిల్లగాని మోకాలు మడతపడి విరిగితే, ఆ విరగడాన్నే నిదానంగా, ఈ పక్కనుంచి ఒకసారి, ఆ పక్కనుంచి ఒకసారి చూపిస్తూ, ఆ పట్టు అచ్చమైన కళ అని ఎవరో పొగుడుతున్నారు. తింటున్న జొన్నరొట్టె పక్కన పెట్టి లేచిపోయాను. ఆటను కళ అంటే నాకేమీ పేచీ లేదు, ఆ మాట అనే కొన్ని నోళ్లను చూస్తేనే రోత. ఆ రోత ఇప్పటిది కాదు, నిజాం రాజ్యం చివరి ఏండ్లది.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. గుంట భూమి లేని ఇల్లు. బాపు, అమ్మ, అన్న, నేను, నలుగురమూ కోటలాంటి దొర గడీలో వెట్టి చేసేవాళ్లమే. అన్న కుస్తీ పట్టేవాడు. ఆ అందం చూసినవాళ్లకే తెలుసు, నాకు చెప్పడం రాదు. ఎదుటివాణ్ని భుజం మీదికెత్తి అవతలికి వేసేటప్పుడు, వాడు నేలకు ఆనేలోపల అన్న అరచేయి వాని మెడ కిందికి పోయేది, నిద్రపోయిన పసిపిల్లను పక్కలో వేసినట్టు. ఆ పట్టు చూడడానికి ముసలివాళ్లు సైతం పనులు వదిలి వచ్చేవారు. దొర కూడా మెచ్చేవాడు, కాకపోతే తన పందెం పొట్టేలును మెచ్చినట్టు.

ఒక ఎండకాలం పట్నం నుంచి దొర దోస్తులు వచ్చారని గడీ ముందర కుస్తీకి గోదా తవ్వించారు. మట్టి తడపడానికి నీళ్లు మోసింది అమ్మా నేనే. అన్నకు జోడీగా దిగింది అతని ప్రాణస్నేహితుడు, కమ్మరోళ్ల పిల్లగాడు. అన్న ఎత్తి వేశాడు, అందరూ శెభాష్ అన్నారు. కానీ ఆనాడెందుకో చేయి అందలేదు, వాడు భుజం మీద పడ్డాడు. ఎముక చప్పుడు కుండతో నిలబడ్డ నాదాకా వినిపించింది. అంతలోనే పట్నం నుంచి ఇంకొక మోటారుకారు వచ్చి ఆగింది. దిగినాయన, అయ్యో చూడలేకపోయానే అన్నాడు.

దొర కుర్చీలోంచి కదలకుండానే, "మళ్లొక్కసారి ఎత్తెయ్‌రా, సాబ్ చూడలే" అన్నాడు.

"బాంచెను దొరా, వాని బొక్క ఇరిగింది. దవాఖానకు తోలుకపోవాలె."

"జరసేపు ఓర్చుకుంటడు తియ్యి. నువ్వు చేసేది కుస్తీ గాదుర, కళ. సాబ్‌కు సూపియ్యి."

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. ఒకాయన, మట్టిలో మూలుగుతున్న పిల్లగాణ్ని చూస్తూనే, పాన్ నములుతూ ఔనౌనని తలూపాడు. ఆ ఎర్రటి నోరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

అన్న గోదా మట్టి కండ్లకద్దుకుని, దోస్తును రెండు చేతుల మీద ఎత్తుకుని, దొరకు వీపు చూపించి నడిచిపోయాడు. మావంటివాళ్లు దొరకు వీపు చూపడమంటే ఏమిటో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. మరునాడు అన్నను గడీలో చింతబరికెలతో కొట్టారు. కుడిచేతి వేళ్లు మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు. అది చూడడానికి కూడా ఆ పట్నం పెద్దమనుషులు కుర్చీలు వేయించుకున్నారట. అమ్మ ఆ సంగతి చెప్పి, తుపుక్కున ఉమ్మింది.

కమ్మరి పిల్లగాని భుజం అతుక్కుంది గాని సమ్మెట మళ్లీ ఎత్తలేకపోయాడు. అన్న హుజూర్‌నగర్ వైపు పోయి కూలి చేసుకుని, దొరలు గడీలు విడిచి పారిపోయిన తరువాతనే ఊరు చేరాడు. గోదాలో మాత్రం మళ్లీ కాలు పెట్టలేదు.

చాలా ఏండ్లకు ఒకసారి అడిగాను, దొర అన్నట్టు అది కళేనా అని. దానికి అన్న ఇట్లా అన్నాడు: "ఏమో చెల్లే. ఎత్తినప్పుడు వాని ఊపిరి నా చెవుల వినొస్తుండె. గా ఊపిరి జూసుకుంటనే దించుతుంటి. గంతే."

ఇప్పుడు అన్న లేడు, ఆ కమ్మరాయనా లేడు. గడీ ఉన్న జాగాలో పత్తిమిల్లు లేచింది. దొరలు పోయినందుకు సంతోషమే. కానీ టీవీల ముందర చూసేవాళ్లు మాత్రం లక్షలయ్యారు, అందరూ ఎంతో దూరాన కూర్చున్నారు. అంత దూరానికి, కింద పడ్డవాని ఊపిరి ఎవరికి వినిపిస్తుంది?