కాజిమిర్‌కు నాతో బీఫ్ లేదు

మా వీధి మాంసం కొట్టు కాజిమిర్ బ్రూజాస్ షికాగో సరస్సుతో పదకొండేళ్లు మాట్లాడలేదు. సరే, సరస్సుతో కాదు, దాని మీదనుంచి వచ్చే గాలితో. అదీ పదకొండేళ్లు కాదు, ఒక చలికాలం. ఎవరితోనో ఒకరితో తగువు లేనిదే ఆయనకు పూట గడవదన్నది మాత్రం అక్షరాలా నిజం.

పశువుల యార్డుల వెనక ఉన్న మా వీధిలో బీఫ్ అంటే గొడ్డుమాంసం. తగువన్నా బీఫే. "నీతో నాకు బీఫ్ ఉంది" అంటే వండిపెట్టమని కాదు, కాచుకోమని. కాజిమిర్ రెంటినీ ఒకే పలక మీద రాసి కొట్టు ముందు తగిలించేవాడు. "నేటి బీఫ్: శ్రీమతి హానిగన్" అని చూసి, కొత్తగా వచ్చిన పాదిరి బెదిరిపోయి ఆవిడ ఆత్మశాంతికి ప్రార్థన మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డ ఆవిడే ఆమెన్ చెప్పింది.

హానిగన్ చేసిన నేరం, కిటికీ తెరలు మరీ పచ్చగా ఉండటం. టూమీ చేసిన నేరం, ఒక్క తుమ్మును రెండు విడతలుగా తుమ్మడం. మూడు రోజులు అరుపులు, నాలుగో రోజు రాజీ. తగువు మొదలెట్టినవాడే రాజీకి మాంసం పంపాలన్నది కాజిమిర్ చట్టం. మొదలెట్టేది ఎప్పుడూ ఆయనే కాబట్టి, ఐదేసి పౌండ్ల పొట్లాలు ఆ కొట్టునుంచే వెళ్లేవి.

నా పేరు మాత్రం పలకెక్కలేదు. కుళ్లిపోయాను. కాన్వెంటులో సిస్టర్లు అసూయ పాపమని చెప్పిన రోజున నేను బడి ఎగ్గొట్టాను మరి. టూమీ తన తగువును పెళ్లి కబురులా అందరికీ చెప్పుకుంటుంటే భరించలేక, నేనే వెళ్లి కాజిమిర్ కత్తి మొద్దన్నాను.

ఆయన మీసం దువ్వుకున్నాడు. "నీ ఫిర్యాదులో కండ లేదయ్యా లియో. కాస్త బీఫప్ చేసుకుని రా."

మర్నాడు ఆ మీసాన్నే తిట్టాను. ఇంకా బక్కగానే ఉందన్నాడు.

ఆ చలికాలం ఫ్యాక్టరీ మూతపడి నా ఉద్యోగం పోయింది. ఆ సంగతి నాకూ మా ఆవిడ నోరాకూ తప్ప వీధిలో ఎవరికీ తెలియకూడదనుకున్నాం. రోజూ చెంచా కూడా లేని ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని, పనికి వెళ్తున్నట్టే వెళ్లి పార్కులో కూర్చునేవాణ్ణి. ఎనిమిదో రోజున పలక మీద నా పేరుంది. ఎగురుకుంటూ కొట్లోకి వెళ్లాను.

"రోజూ నీ డబ్బాలో చెంచా గలగలమంటుంటే విని కొట్టు తెరిచేవాణ్ణి," అన్నాడు కాజిమిర్. "వారంగా మోగడం లేదు. నా కొట్టు ఆలస్యమవుతోంది. నీతో నాకు బీఫ్ ఉంది."

మూడు రోజులు వీధంతా వినేలా తిట్టుకున్నాం. నా పెళ్లినాడు కూడా నన్ను అంతమంది చూడలేదు. నాలుగో రోజు పొట్లం వచ్చింది. నోరా దాన్ని విప్పుతూ విప్పుతూ ఆగింది.

"హానిగన్ తెరల గొడవ ఎప్పుడండీ?"

"వాళ్లాయన చనిపోయిన వారం."

"టూమీ తుమ్ము?"

టూమీ కాలు విరిగి మంచాన పడ్డప్పుడు. ఇద్దరం కాసేపు పొట్లం వంక చూశాం. తర్వాత నేను దాన్ని తూచాను. ఎనిమిది పౌండ్లు. వెంటనే వెళ్లి టూమీకి చెప్పొచ్చాను.

వసంతంలో మళ్లీ పని దొరికింది. నా పేరు మళ్లీ పలకెక్కలేదు. మొన్న ఇదంతా కాజిమిర్‌కు చదివి వినిపించాను.

"అంతా అబద్ధం," అన్నాడు. "ఆ చెంచా మోత లేక నిజంగానే నాకు మెలకువ రాలేదు. పొట్లమా? నేనేం పంపలేదు. సరస్సుతో నాకే గొడవా లేదు."

"ఇలా రాసినందుకు నాతో బీఫ్ ఉందా?" ఆశగా అడిగాను.

ఆయన పలక తుడుస్తూ, "లేదు," అన్నాడు. "నీతో నాకెప్పుడూ లేదు."